దిద్దిన సాక్ష్యం

జంషెడ్‌పూర్,
19 జనవరి 2025

మావయ్యకి, డార్కస్ వందనాలు.

ఈ ఉత్తరం విప్పగానే ముందు నా అక్షరాలకి మార్కులు వేస్తారని తెలుసు. వెయ్యండి. సండే స్కూల్లో పలక మీద దిద్దించింది మీరే కాబట్టి తప్పుల్లో సగం మీ ఖాతాలోవే. ఫోన్ చేస్తే మీకు వినపడదు. మెసేజ్ పెడదామంటే, కొలిమి దగ్గర కాయలు కాసిన మీ వేళ్ళని ఆ అద్దం ఫోన్ వేళ్ళుగా లెక్క చెయ్యదు. అందుకే కాగితం మీదకి దిగాను.

నేను ఉద్యోగం మారుతున్నాను మావయ్యా. ఆదిత్యపూర్‌లో కొత్తగా పెట్టిన టెస్టింగ్ ల్యాబ్‌లో ఇన్‌స్పెక్టర్‌గా తీసుకున్నారు. మార్చి మూడున చేరతానని సంతకం పెట్టేశాను. ఇక్కడ గమ్హరియా ఫ్యాక్టరీలో రాజీనామా కూడా ఇచ్చేశాను.

నా పని మీరు చూడలేదు, మీరు రిటైరయ్యాక వచ్చింది. ఒక చీకటి గది. రైలు బోగీల కోసం సాగగొట్టిన ఇనుప ముక్క మీద మందు నీళ్ళు పోసి, నీలం దీపం వేసి చూస్తాను. ఎక్కడైనా పగులుంటే అక్కడ పచ్చగా గీత మెరుస్తుంది. కంటికి కనపడని పగులు కూడా దాక్కోలేదు. మెరిసిన ముక్కకి ఎర్ర రంగు పూసి పక్కన పెడతాను. ఆ తర్వాత ఏమవుతుందో తెలుసా? ప్రొడక్షన్ వాళ్ళు దాన్ని పైపైన అరగదీయించి, నాకు మళ్ళీ చూపించకుండా లారీ ఎక్కించేస్తారు. అడిగితే, నువ్వు హెల్పర్‌వి, నీకెందుకు అంటారు. తొమ్మిదేళ్ళయింది, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను, అయినా నా గేటు కార్డు మీద ఇంకా హెల్పర్ అనే ఉంది.

రాజీనామా ఇచ్చిన మూడో రోజు ఓనరు చిన్న సేఠ్ పిలిచాడు. ముందెప్పుడూ నన్ను కూర్చోమనని మనిషి కుర్చీ తనే లాగాడు. "బేటీ, ఘర్ కీ బాత్ ఘర్ మే" అన్నాడు. అంటే ఇది ఇంటి గొడవ, ఇంట్లోనే తేల్చుకుందామని. కొత్తవాళ్ళు ఎంతిస్తే అంత తనూ ఇస్తాడట. అసిస్టెంట్ మేనేజర్ అని బోర్డు కూడా పెట్టిస్తాడట. ఆఖరికి సొరుగులోంచి ఒక తాళంచెవి తీసి, కొత్త రింగుకి తగిలించి, నా ముందు పెట్టాడు.

అది మా గది పక్కనున్న బాత్‌రూమ్ తాళంచెవి. నేనూ, గ్రైండింగ్‌లో ఉన్న పదకొండు మంది ఆడవాళ్ళూ తొమ్మిదేళ్ళుగా మెయిన్ గేటు దగ్గరి ఆఫీసు దాకా నడిచి వెళ్తున్నాం, ఎండైనా వానైనా. ఎన్నిసార్లు అడిగినా తాళంచెవి పోయిందనే చెప్పారు. అది సేఠ్ సొరుగులో ఉంది మావయ్యా! నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. తాళంచెవి మాత్రం తీసుకుని వచ్చేశాను.

అమ్మ మాత్రం మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. మాట్లాడిన కాస్తా ఇదీ: "అన్నం పెట్టిన సోటు ఒగ్గేసి ఎల్తావేటే? మీ మావయ్యకి వైజాగ్‌లో ఉద్యోగమొత్తే ఎల్నేదు. దేవుడు ఉండమన్నాడని గుడిలో నిలబడి సాచ్చెం సెప్పినాడు. నువ్వు ఆయన కన్నా గొప్పదానివేటి?"

మిమ్మల్ని సలహా అడగటం లేదు. నిర్ణయం అయిపోయింది. అమ్మకి ఒక్క ముక్క రాయండి, చాలు.

మీ మేనకోడలు,
డార్కస్

---

భీమిలి,
29 జనవరి 2025

అమ్మా డార్కస్,

అక్షరాలకి పదికి ఆరు. 'క్ష' ఇంకా పడుకునే ఉంది, లేపు. మీ అమ్మ బాలకుమారికి వేరే కార్డు రాశాను, మోకాళ్ళకి నూనె రాసుకోమని.

ఇక్కడ నేను కులాసా. మా గుడిలో గంట కొట్టే పని నాకే ఇచ్చారు. చెవిటివాడికి గంట అప్పగించారని ఊరంతా నవ్వుకుంటున్నారు. తాడు చేతికి తెలుస్తుంది కానీ శబ్దం తెలియదు. ఎక్కడ ఆపాలో తెలియక కొడుతూనే ఉంటాను. పాస్టరు డేవిడ్ రాజు గారు వచ్చి చెయ్యి పట్టుకుంటే అప్పుడు ఆపుతాను.

నీ సంగతి చదివాను. కోపం వస్తుంది, నిజమే. కానీ ఆ ఇల్లు మనకి రెండు తరాలు అన్నం పెట్టింది. పెద్ద సేఠ్ దగ్గర నేనొక మాట అంటేనే కదా నిన్ను తీసుకున్నారు. ఇప్పుడు వాళ్ళంతట వాళ్ళు దిగివచ్చి, కుర్చీ వేసి, బోర్డు పెడతామంటున్నారు. నువ్వు అడిగినవన్నీ ఇస్తున్నప్పుడు ఇంకా వెళ్ళడమెందుకు? అది పంతం అవుతుంది.

నా సంగతి నీకు తెలిసిందే, మళ్ళీ చెప్తాను. 1990 డిసెంబరులో వైజాగ్‌లో నాకు ఉద్యోగం ఖాయమైంది. అప్పట్లో సేఠ్ ఫ్యాక్టరీలోనే, డై షాపులో ఇనుముకి అచ్చులు చేసేవాణ్ణి. పెద్ద సేఠ్ క్రిస్మస్ కేకు పట్టుకుని మన క్వార్టర్‌కి వచ్చాడు. ఫోర్‌మన్‌ని చేస్తాను, ఉండు పౌల్‌రాజూ అన్నాడు. ఉండిపోయాను. కొత్త సంవత్సరం రోజున మన తెలుగు గుడిలో నిలబడి, దేవుడు నన్ను ఉండమన్నాడని సాక్ష్యం చెప్పాను. అందరూ హల్లెలూయ అన్నారు. మరో ఇరవై ఏళ్ళు అక్కడే పనిచేసి గౌరవంగా బయటికి వచ్చాను.

ఏప్రిల్‌లో రైల్వేవాళ్ళు తనిఖీకి వచ్చి వెళ్ళేదాకానైనా ఆగు. తర్వాత నీ ఇష్టం. పెద్దవాణ్ణి, ఒక్కసారి మాట విను.

ప్రేమతో,
మావయ్య

---

జంషెడ్‌పూర్,
7 ఫిబ్రవరి 2025

మావయ్యకి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి ఒక దగ్గర ఆగిపోయాను. రైల్వేవాళ్ళు ఏప్రిల్‌లో తనిఖీకి వస్తున్నారని మీకెవరు చెప్పారు? నేను రాయలేదు. అమ్మకి తెలియదు. అసలు ఆ తేదీ మా ఫ్యాక్టరీలోనే నలుగురికి మించి తెలియదు.

మీ దగ్గరికి ఎవరు వచ్చారు? మా టైమ్ ఆఫీసు సన్యాసిరావేనా? జనవరి నాలుగో శనివారం నుంచి వారం రోజులు సెలవు పెట్టాడు, చెల్లెలి ఊరు వెళ్ళొచ్చానన్నాడు. వచ్చింది చెల్లెలి ఇంటికో, మీ ఇంటికో మీరే చెప్పాలి. నా దగ్గర ఆ మాట దాచి, పెద్దవాణ్ణి మాట వినమని రాశారు. మిమ్మల్ని ఎప్పుడూ ఎదిరించలేదు మావయ్యా, ఇప్పుడు ఎదిరిస్తున్నాను. నేను వినను.

అడిగినవన్నీ ఇస్తున్నారని రాశారు. నేను ఎప్పుడు అడిగాను? తొమ్మిదేళ్ళూ అడిగాను. అప్పుడు ఇవ్వలేదు. వెళ్తానన్నాక ఇచ్చారు. అంటే అడగటం వాళ్ళకి వినపడలేదు, వెళ్ళడం ఒక్కటే వినపడింది. ఉండిపోతే మళ్ళీ వినపడటం మానేస్తుంది. దీన్ని మీరు పంతమంటే పంతమే అనుకోండి.

ఇంకా ఉంది. రైల్వే వాళ్ళ కాగితాల్లో పగుళ్ళు చూసే అర్హత ఉన్న మనిషిగా ఉన్న పేరు ఒక్కటే, నాది. గేటు కార్డు మీద హెల్పర్‌ని, రైల్వే కాగితం మీద నిపుణురాలిని. నేను వెళ్ళిపోతే తనిఖీ రోజున ఆ గదిలో నిలబడటానికి మనిషి లేదు. అదీ కుర్చీ లాగడం వెనకున్న ప్రేమ.

సోమవారం చిన్న సేఠ్ మళ్ళీ పిలిచాడు. సూరజ్ అని కొత్తగా వచ్చిన ఇంజనీరు కుర్రాడు పక్కన ఉన్నాడు. "బేటీ, నీకు తెలిసినదంతా ఒక నోటుబుక్కులో రాసి సూరజ్‌కి నేర్పు, పెద్ద మేనేజర్‌వి అవుతున్నావు కదా, చేతులు నల్ల చేసుకోవడమెందుకు" అన్నాడు. ఆ తర్వాత నాకు హేమర్ షాప్ పక్కన గాజు తలుపుతో కొత్త క్యాబిన్ కట్టిస్తాడట. సుత్తి దెబ్బకి బల్ల మీద గ్లాసు నడుస్తుంది అక్కడ. అక్కడ కూర్చుని ఏం చెయ్యాలని అడిగితే, సూపర్‌విజన్ అన్నాడు.

మధ్యాహ్నం క్యాంటీన్లో సూరజ్ నా ఎదురుగా వచ్చి కూర్చుని, పళ్ళెంలో పప్పు కెలికాడు. "దీదీ, మీకు చెప్పొద్దన్నారు. మే నెల నుంచి ఆ గది నాదేనట. నా పరీక్ష ఫీజు కూడా కట్టేశారు. ముఝే అచ్ఛా నహీ లగ్ రహా" అన్నాడు. తనకేమీ బాగా అనిపించటం లేదట పాపం. మంచివాడే.

అమ్మకి ఇదంతా చెప్పాను. ఆవిడ మీ సాక్ష్యమే మళ్ళీ వినిపించింది. మీ సాక్ష్యం నా దారికి అడ్డంగా పడుకుని ఉంది మావయ్యా. దాటి వెళ్తాను. కోపం వస్తే తిట్టండి.

డార్కస్

---

(పోస్టు కార్డు)

భీమిలి,
14 ఫిబ్రవరి

డార్కస్,

ఆ క్యాబిన్‌లోకి అడుగు పెట్టకు. నోటుబుక్కులో ఒక్క ముక్క రాయకు. మిగతాది పోస్ట్‌మన్ చదివే కార్డు మీద రాసేది కాదు. కవరు వస్తోంది.

మావయ్య

---

భీమిలి,
16 ఫిబ్రవరి 2025

అమ్మా,

సన్యాసిరావు వచ్చిన మాట నిజం. చిన్న సేఠ్ పంపాడట, కిలో మిఠాయి తెచ్చాడు. వినపడదు కదా, పలక మీద రాసి చూపించాడు. "మీ మేనకోడలికి ఒక్క మాట సెప్పండి బాబూ, రైల్వేవోళ్ళ తనికీ అయ్యీదాకా, ఏప్రిల్ దాకా సాలు" అని. ఏప్రిల్ దాకా చాలంటే ఆ తర్వాత నువ్వు అక్కర్లేదని అర్థం. నాకు ఆ మాత్రం తెలియకపోలేదు. తెలిసే నీకు ఆ ఉత్తరం రాశాను. ఎందుకు రాశానో చెప్పడానికే ఇంత కాగితం తీశాను.

నువ్వు నోటుబుక్కు అని రాసిన చోట ఆగి మళ్ళీ చదివాను. హేమర్ షాప్ అని రాసిన చోట కళ్ళజోడు తీసేశాను.

నాకు కూడా నోటుబుక్కు ఇచ్చారు డార్కస్. నీలం అట్ట. నేను ఉండిపోతానన్న నెలలోనే. పౌల్‌రాజూ, ఫోర్‌మన్‌వి అయ్యావు కదా, నీ అచ్చుల కొలతలన్నీ రాసి ఈ ఇంజనీరుకి ఇవ్వు అన్నాడు పెద్ద సేఠ్. పొంగిపోయి రాశాను. రంగు పెన్సిళ్ళతో బొమ్మలు కూడా వేశాను. ఆ పుస్తకం నిండటానికి ఎనిమిది నెలలు పట్టింది. నిండిన వారంలో నా మెడలో బంతిపూల దండ వేసి, అందరి ముందూ చప్పట్లు కొట్టించి, హేమర్ షాప్ ఫోర్‌మన్‌గా పంపించారు. అచ్చుల పని చేసినవాడికి అక్కడ పనేమిటి? నిలబడటమే. రోజుకి ఎనిమిది గంటలు ఆ సుత్తుల మధ్య నిలబడటం. నా అంతట నేను పోతానని వాళ్ళ ఆలోచన. వైజాగ్ వాళ్ళు అప్పటికే వేరేవాణ్ణి తీసుకున్నారు. ఎక్కడికి పోను?

మన వంశంలోనే చెవుడు ఉందని మీ అమ్మకి చెప్పాను. అబద్ధం. మా నాన్న అర్ధరూపాయి కింద పడితే రెండు వీధుల అవతల నుంచి విని వచ్చేవాడు. నా చెవులు ఏడేళ్ళలో ఆ షాపులో పోయాయి. ముందు పిచ్చుకలు వినపడటం మానేశాయి, తర్వాత మీ అత్త పిలుపు, ఆ తర్వాత నువ్వు సండే స్కూల్లో పాడిన పాట. నీ నోరు కదలటం చూసి చప్పట్లు కొట్టాను. ఇవాళ నువ్వు నాతో మాట్లాడాలంటే ఉత్తరం రాయవలసి వస్తోందంటే కారణం అదే. నేను ఉండిపోయాను. అంతే.

ఎందుకు చెప్పలేదంటావు. ఎలా చెప్పను? సాక్ష్యం చెప్పేశాను కదా. మోసపోయాను అంటే నేను మోసపోయానని కాదు, దేవుడు మోసపోయాడని అయ్యేది. గుడిలో ప్రతి కొత్త సంవత్సరానికీ ఎవరో ఒకరు పౌల్‌రాజు గారిలా నమ్మకంగా ఉండాలి అనేవారు. నేను తల ఊపేవాణ్ణి. నా మాట విని ఎంతమంది ఆగిపోయారో నాకు తెలియదు. ఇప్పుడు నిన్ను కూడా ఆపబోయాను. నువ్వు వెళ్ళి బాగుపడితే, నేను ఉండిపోవడం తప్పని తేలిపోతుంది. డెబ్బై రెండేళ్ళవాడు ఆ మాట ఒప్పుకోలేక మేనకోడల్ని చీకట్లోకి తోస్తున్నాడు. సిగ్గుపడుతున్నాను తల్లీ.

దీనితో ఇంకో కాగితం పెట్టాను. నేను ఏ గుడిలో చెప్పానో ఆ గుడిలోనే, ఆదివారం సాక్ష్యాల వేళ నిలబడి చదువు. మీ అమ్మని ముందు బెంచీలో కూర్చోబెట్టు.

మావయ్య

(జత కాగితం)

"సంఘానికి వందనాలు. నేను పౌల్‌రాజుని. 1991 జనవరి ఒకటిన ఇదే గుడిలో నిలబడి, దేవుడు నన్ను పాత ఉద్యోగంలోనే ఉండమన్నాడని చెప్పాను. దేవుడు చెప్పలేదు. సేఠ్ చెప్పాడు. కొత్త చోటికి వెళ్ళడానికి నాకు భయం వేసింది. ఆ భయానికి దేవుడి పేరు పెట్టాను. ఉండిపోయినందుకు నా పని తీసుకున్నారు, తర్వాత నా చెవులు తీసుకున్నారు. నా మాట విని ఎవరైనా ఆగిపోయి ఉంటే నన్ను క్షమించండి. ఆ సాక్ష్యాన్ని దిద్దుకుంటున్నాను. నా మేనకోడలు డార్కస్ వెళ్తోంది. ఆమె కోసం ప్రార్థన చెయ్యండి. ఆపడానికి మాత్రం చెయ్యకండి."

---

జంషెడ్‌పూర్,
10 మార్చి 2025

మావయ్యకి, మీ డార్కస్ వందనాలు. 'క్ష' ఎలా ఉందో చూడండి, మీ 'క్షమించండి' చూసి దిద్దుకున్నాను.

ఫిబ్రవరి ఇరవై మూడు, ఆదివారం చదివాను. నా తర్వాత ఎవరూ హల్లెలూయ అనలేదు.

అప్పుడు ముందు బెంచీలో కూర్చున్న ముసలివాళ్ళు ముగ్గురు, మీ హేమర్ షాప్ వాళ్ళే, ఒకరినొకరు పొడుచుకుంటూ, ఏటంతంది, ఏటంతంది అని అడుగుతున్నారు. ఒక్క ముక్క వినపడలేదు వాళ్ళకి! సెబాస్టియన్ తాత చేతిని చెవి దగ్గర దొప్పలా పెట్టుకున్నాడు. నేను మెట్టు దిగి వాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గొంతు చించుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాను. 'నా చెవులు తీసుకున్నారు' దగ్గర ఆ తాత నా చెయ్యి పట్టుకున్నాడు. "నాయి కూడా అక్కడే పోనాయమ్మా. వయసు మీద పడ్డాదని అనుకున్నాను. గట్టిగా సదువు, ఈళ్ళు కూడా ఇనాల" అన్నాడు. మూడోసారి చదివాను.

ఇంటికి రాగానే అమ్మ చెప్పులు విప్పుతూ అంది: "సిన్నప్పుడు మా అన్నియ్య దూరంగా రైలు కూతేత్తే ఏ బండో సెప్పీవోడు. వంశం అన్నాడు, నమ్మీనాను. నువ్వెల్లే. ఈ పూటే ఎల్లిపో." ఆ పూట వెళ్ళలేను, నోటీసు ఇంకా నాలుగు రోజులు ఉందని చెప్పినా వినలేదు.

ఆఖరి రోజు సేఠ్ గదికి వెళ్ళాను. నోటుబుక్కు ఖాళీగా తిరిగి ఇచ్చాను. "యే ఘర్ హై తుమ్హారా" అని మళ్ళీ మొదలుపెట్టాడు, ఇది నీ ఇల్లని. నేను అన్నాను: "ఇల్లయితే ఇంటి ఆడవాళ్ళకి తాళంచెవి తొమ్మిదేళ్ళు ఎందుకు దొరకలేదు సేఠ్‌జీ?" అతను తలుపు వైపు చూశాడు. ఆ తాళంచెవిని రింగుతో సహా బల్ల మీద పెట్టి వచ్చేశాను.

పెట్టే ముందు ఇంకో పని చేశాను. అంతకు ముందు శనివారం సాక్చి బజారుకి వెళ్ళి, గొడుగు కింద కూర్చుని తాళాలు బాగుచేసే ఆయన దగ్గర దానికి పదకొండు నకళ్ళు చేయించాను. గ్రైండింగ్‌లో ఉన్న పదకొండు మందికీ తలా ఒకటి. పద్మకుమారి అక్క దాన్ని కొంగుకి ముడివేసుకుని, ఇంక తాళం మారిస్తే ఊరుకుంటామేటి అని నవ్వింది. తాళం మార్చబోయారట మొన్న. పదకొండు మందీ పని ఆపి తలుపు ముందు నిలబడ్డారట. మార్చలేదు.

కొత్త చోట నా వారం గడిచింది. చీకటి గది, నీలం దీపం అన్నీ అవే. మొన్న శనివారం గమ్హరియా నుంచి ఒక లాట్ వచ్చింది, మన పాత ఫ్యాక్టరీదే, అక్కడ పగుళ్ళు చూసే మనిషి లేక. రెండు ముక్కలు పచ్చగా మెరిశాయి. ఎర్ర రంగు పూశాను. ఈసారి ఆ రంగు మీద ఎవరూ చెయ్యి వెయ్యలేరు, కింద సంతకం నాది. గేటు కార్డు మీద ఏముందో తెలుసా? డార్కస్, ఇన్‌స్పెక్టర్. ఫోటో తీయించి ఈ కవర్లో పెడుతున్నాను.

ఈ ఉత్తరం పోస్టు చేసి అమ్మతో రైలు టికెట్ కోసం టాటానగర్ వెళ్తున్నాను. ఈస్టర్‌కి మీ దగ్గర ఉంటాం.

మీ
డార్కస్

---

భీమిలి,
19 మార్చి 2025

అమ్మా డార్కస్,

పదికి పది.

నీ ఉత్తరం శనివారం అందింది. ఆదివారం ఉదయం గంట కొట్టడానికి వెళ్ళాను. ఎంతసేపు కొట్టానో నాకు తెలియదు. డేవిడ్ రాజు గారు వచ్చి ఎప్పటిలాగే చెయ్యి పట్టుకున్నారు. విడిపించుకుని మళ్ళీ కొట్టాను.

మావయ్య